అందరికీ ఫిట్సే

మా ఆస్పత్రి క్యాజువాల్టీ గుమ్మం పక్కన అద్దం బిగించిన చిన్న గది ఉంది. అద్దం కింద చెయ్యి దూరేంత కన్నం, లోపల ఒక కుర్చీ, కంప్యూటరు, కొక్కేనికి ఏడాది పొడుగునా వేలాడే ముతక స్వెటరు. ఆ కుర్చీలో కూర్చునే గుమాస్తాకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ అది జీతాల పట్టీలో తప్ప ఎక్కడా కనబడదు. అందరికీ ఆయన పరువుగారు. నేను మాత్రం ఎదురుగా ఉన్నప్పుడు గురువుగారూ అంటాను. వెనకాల నాకూ పరువుగారే.

నేను అదే క్యాజువాల్టీలో నర్సుని. నాకు నోరెక్కువని పేరు, అది నిజమే. ఆయనకు నోరే లేదని పేరు, అదీ నిజమే. ఆయన మాట వినాలంటే ఎంతటివాళ్లయినా నడుం వంచి కన్నానికి చెవి ఆనించాల్సిందే. జనం దాన్ని మర్యాద అనుకునేవాళ్లు. నాకైతే ఒళ్లు మండేది. లోపల స్ట్రెచర్ మీద మనిషి గిలగిల్లాడుతుంటే ఈయన బయట పెళ్లిమాటలు మాట్లాడుతున్నట్టు గుసగుసలేంటని.

ఆయన పని చూడ్డానికి చిన్నది. డ్యూటీ డాక్టరు చీటీ మీద గీకిన గీతల్ని చదవాలి. అవి చదవగలిగేది ఆయనొక్కడే, రాసిన డాక్టరు కూడా కాదు. చదివి, కంప్యూటర్లో 'వచ్చిన కారణం' అన్న గడిలో మాటల్లో కొట్టాలి. ఆ మాటలే ఇంటికి వెళ్లేటప్పుడు ఇచ్చే కార్డు మీద అచ్చవుతాయి. దాని కింద గడిలో ఆ జబ్బుకి ఉన్న కోడు వేయాలి. నెల తిరగ్గానే లెక్కలు పైఆఫీసుకు పోతాయి. ఏ ఊళ్లో ఏ జబ్బు పెరుగుతోంది, ఏ ఊళ్లో జనం ఏ మత్తుకి అలవాటు పడుతున్నారు, ఎక్కడికి ఏ మందు పంపాలి అన్నది అక్కడివాళ్లు ఆ లెక్కలు చూసి తేలుస్తారు. మా ఊరి సంగతి పైవాళ్లకు తెలిసేది ఈయన వేళ్ల ద్వారానే.

ఆ వేళ్లకు ఒక జాలి రోగం ఉండేది. అది ఎక్కడ అంటుకుందో ఓసారి టీ తాగుతూ ఆయనే చెప్పాడు. ఆయన తమ్ముడు కుర్రతనంలో తప్పతాగి కాలవలో పడ్డాడట. ఆస్పత్రి కార్డు మీద ఎవరో 'తాగిన మైకంలో' అని రాశారు. ఆ కార్డు తర్వాత ఉద్యోగం కోసం వెళ్లినచోట బయటపడింది. తమ్ముడు తాగుడు మానేశాడు గానీ ఆ ముక్క వాణ్ని మానలేదు. ఎక్కడికి వెళ్లినా ముందు అదే వెళ్లి కూర్చునేదట. "మనిషి మారతాడు సిస్టర్, రాసింది మారదు," అన్నాడు. తమ్ముడు ఇప్పుడు కళ్లజోళ్ల కొట్లో పనిచేస్తున్నాడు, అందులో బాధపడాల్సింది ఏముందని నేనన్నాను. "వాడు ఇంజనీరు," అన్నాడాయన. నేను టీ తాగేసి లేచి వచ్చేశాను.

అందుకని మత్తు కేసు వచ్చిందంటే ఆయన చీటీ చదివేవాడు, అద్దం అవతల ఉన్న తండ్రి ముఖమో అక్క ముఖమో చదివేవాడు, రెండోదే రాసేవాడు. ఒకరికి నీరసం. ఒకరికి తిన్నది పడలేదు. ఎక్కువమందికి ఫిట్స్. ఒళ్లు కొట్టుకోవడం, స్పృహ తప్పడం, నోట్లో నురగ, అన్నిటికీ అతికిపోయే మాట కదా. పై గడిలో ఫిట్స్, కింది గడిలోనూ ఫిట్స్ కోడే. ఊళ్లో ఈ సంగతి చల్లగా పాకింది. ఆటో దిగీ దిగగానే "పరువుగారు డ్యూటీలో ఉన్నారా?" అని అడిగేవాళ్లు కూడా తయారయ్యారు. డాక్టరు ఉన్నాడా అని ఆ తర్వాత అడిగేవాళ్లు. డాక్టర్లు ఏడాదికొకరు మారేవాళ్లు, కంప్యూటర్ వంక చూసే తీరిక ఎవరికీ లేదు. మా ఊళ్లో కుర్రకారు ఎవరూ మత్తు ముట్టరమ్మా, అందరికీ ఫిట్సే అని మేం లోపల నవ్వుకునేవాళ్లం. నవ్వడానికి మాకు మాత్రం సిగ్గుండాలి.

ఆ నవ్వు ఒకరోజు ఆగిపోయింది. పైఆఫీసు నుంచి జీపు వచ్చింది. అందులోంచి లెక్కలు చూసే ఆఫీసరమ్మ దిగింది, చిన్న వయసు, భుజాన సంచి, చేతిలో ఖాళీ సీసాలు. ఎందుకొచ్చారు మేడమ్ అంటే, మీ ఊళ్లో ఫిట్స్ విపరీతంగా పెరిగాయి, నీళ్లలో ఏదైనా కలుస్తోందేమో చూడాలి అంది. ఆవిడ ఎండలో ఊరి నీళ్ల ట్యాంకులన్నీ ఎక్కింది. పంపుల దగ్గర సీసాలు నింపుకుంది. రంగుల ఫ్యాక్టరీ వెనక మట్టి కూడా సంచిలో వేసుకుంది. మా వార్డు ఆయా, ఇంటికెళ్లి ఆ పూటంతా నీళ్లు మరగబెట్టుకుని తాగింది పాపం.

సాయంత్రం ఆవిడ పరువుగారి గదిలోనే కూర్చుంది. ఆయన తన కుర్చీ ఇచ్చి తను నిలబడ్డాడు, టీ తెప్పించాడు, స్వెటరు తీసి మడతపెట్టి మళ్లీ తగిలించాడు. నేను సంతకాల కోసం వెళ్లి అక్కడే ఆగిపోయాను. ఆవిడ ల్యాప్‌టాప్ తెరిచి రంగులేసిన మ్యాపు చూపించింది. మత్తు కేసులు ఎక్కువున్న ఊళ్లు ఎర్రగా, కాస్త ఉన్నవి పసుప్పచ్చగా ఉన్నాయి. మా ఊరు మాత్రం లేత ఆకులా పచ్చగా ఉంది.

"చుట్టూ ఎరుపే, మీరు మాత్రం పచ్చ. ఏం చేస్తున్నారో మిగతా ఊళ్లకీ చెప్పండి సార్," అంది నవ్వుతూ. "నొప్పి బిళ్లలు మింగి ఊపిరి ఆగిపోయే కేసులు పక్క ఊళ్లో మరీ పెరిగాయి. విరుగుడు ఇంజెక్షన్లు చాలక, పచ్చ ఊళ్ల వాటా తగ్గించి ఎర్ర ఊళ్లకు పంపుతున్నాం. మీకేం ఇబ్బంది లేదుగా?"

నేను ఆయన వైపు చూశాను. ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. ఆయన నోరు తెరిచాడు కూడా. నీళ్లు నమిలి, "లేదు మేడమ్, మాకేం ఇబ్బంది," అన్నాడు, ఎప్పటిలాగే మెల్లగా. ఆవిడకు వినబడక ఇంకోసారి అడిగింది. ఆయన ఇంకోసారి కూడా అదే అన్నాడు.

జీపు వెళ్లిపోయాక నేను ఊరుకోలేదు. "గురువుగారూ, ఆ పిల్ల నీళ్ల ట్యాంకులెక్కి చచ్చింది. ఒక్క ముక్క చెప్తే మీ సొమ్మేం పోయింది?"

"ఒక్క ముక్క కాదు సిస్టర్. చెప్తే ఎవరెవరని అడుగుతారు. అన్ని ఇళ్ల పేర్లూ పైకి పోతాయి. నేను మాటిచ్చాను."

నాకు ఆ జవాబు నచ్చలేదు. అప్పట్నుంచి ఆయన ఫిట్స్ రాయడం తగ్గించి నీరసం ఎక్కువ చేశాడు. సిగ్గుపడ్డ మనిషి చేసే పనే ఇది, తప్పు మానడు, రంగు మారుస్తాడు.

మా ఆస్పత్రి వెనక సందులో పుస్తకాలకు అట్టలు కట్టే ఆవిడ ఉంది. భర్త లేడు, ఒక్కతే కూతురు. కూతురు కొరియర్ ఆఫీసులో పార్సెళ్లు పంచేది. బండి మీంచి పడి నడుం దెబ్బతింది, నొప్పికి బిళ్లలు ఇచ్చారు, నొప్పి పోయింది, బిళ్లలు పోలేదు. బిళ్లలు ఎక్కువై వాళ్లు పరువుగారి అద్దం దగ్గరికి వచ్చారు, ఒకసారి కాదు. తల్లి ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది. మన పిల్లకి ఫిట్స్ అని రాసెయ్యన్నయ్యా, కొరియర్‌వాళ్లకి తెలిస్తే బండి తాళాలు లాగేసుకుంటారు అనేది. ఆయన అలాగే చెల్లెమ్మా అనేవాడు. ఆస్పత్రి రికార్డులన్నిటికీ ఆయన కొత్త అట్టలు ఆవిడ దగ్గరే కట్టించేవాడు, ఊరికే సాయం చేస్తే తీసుకోదని.

ఒక మధ్యాహ్నం ఆవిడ చేతులకు జిగురు కూడా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చింది. వెనక ఇద్దరు కొట్టువాళ్లు పిల్లని తలుపు చెక్క మీద మోసుకొచ్చారు. పెదాలు నీలం తిరిగాయి. కంటిపాపలు గుండుసూది మొనంత. ఊపిరి ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు ఒకటి. డాక్టరు ఒక్క చూపు చూసి, "విరుగుడు తియ్యండి, త్వరగా," అని అరిచాడు.

అల్మరాలో ఖాళీ డబ్బా ఉంది. మందుల స్టోరాయన తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "లేవు సార్. రెండుసార్లు అడిగాను. మీ ఊళ్లో కేసులే లేవు కదా, మీకెందుకని వాపసు పంపారు."

"కేసులు లేకపోవడమేంటి? పోయిన వారం కూడా నేనే రాశానుగా!"

స్టోరాయన పరువుగారి వైపు చూశాడు. ఆయన అప్పటికే తల్లిని పట్టుకుని లోపలికి వచ్చి ఉన్నాడు, ఎప్పటిలా ఓదార్చడానికి. ఆ చూపు నేనూ చూశాను, డాక్టరూ చూశాడు. నేల చీలితే అందులోకి దిగిపోదామన్నట్టు నిలబడ్డాడు మనిషి.

ఆ పూట మాకు మనుషుల్లేరు. బస్సు ప్రమాదం కేసులు అప్పుడే దిగాయి. డాక్టరు పక్క ఊరికి ఫోను కలుపుతున్నాడు, నేను నరం దొరక్క కొట్టుకుంటున్నాను. ఊపిరి పోసే రబ్బరు సంచి పిల్ల ముఖానికి ఆనించి, ఆయన్ని చెయ్యి పట్టి లాగాను. "రండి. ఇది ఇలా నొక్కండి, వదలండి. మీరు ఆపితే ఆ పిల్ల ఆగిపోతుంది."

"నాకు రాదు సిస్టర్."

"రాయడం వచ్చుగా. నొక్కండి!"

ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. కానీ అనేశాను, ఇప్పుడు తుడిస్తే పోదు. ఆయన నొక్కాడు. ఆయన నొక్కితే పిల్ల రొమ్ము లేచేది, వదిలితే దిగేది. కళ్లజోడు మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. తల్లి కాళ్ల దగ్గర కూర్చుని, మా అన్నయ్య ఉన్నాడు, నీకేం కాదే అంటూ పిల్ల పాదాలు రుద్దుతోంది. ఆవిడ అన్నయ్య అన్నప్పుడల్లా ఆయన ముఖం వాడిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. మధ్యలో ఆయా వచ్చి నేను పడతానంది. ఇవ్వలేదు. వేళ్లు తిమ్మిరెక్కి వంకర్లు తిరిగితే మోచేత్తో నొక్కాడు.

చివరికి పక్క ఊరి నుంచి అంబులెన్సు విరుగుడు తెచ్చింది, ఆ ఎర్ర ఊరివాళ్ల అల్మరాలోంచి. సూది పడ్డ కాసేపటికి పిల్ల ఒక్కసారి గట్టిగా గాలి లాగి, కళ్లు తెరిచి, వాంతి చేసుకుని, మమ్మల్నందర్నీ తిట్టింది. క్యాజువాల్టీలో అంత తియ్యటి తిట్లు నేనెప్పుడూ వినలేదు. డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. పరువుగారు ఇంకా సంచి పట్టుకునే ఉన్నాడు. నేనే ఆయన వేళ్లు ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చింది.

పిల్లని వార్డుకి మార్చాక తల్లి అద్దం దగ్గరికి వచ్చింది. ముఖం కడుక్కుని, కొంగు సర్దుకుని, వంగి కన్నంలోంచి మాట్లాడింది. నేను పక్కనే చేతులు కడుక్కుంటున్నాను.

"అన్నయ్యా, నీ రుణం తీర్చుకోలేను. పిల్లకి ఊపిరి పోశావు. ఈ ఒక్కసారికీ ఎప్పట్లాగే ఫిట్స్ అని రాసెయ్."

ఆయన గది తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. ఎవరితోనైనా మాట్లాడ్డానికి ఆయన ఆ తలుపు దాటి రావడం అదే మొదటిసారి. "చెల్లెమ్మా, మందు ఎందుకు లేదో తెలుసా? నా వల్లే లేదు. ఈ ఊళ్లో ఇలాంటి కేసులే లేవని పైకి నేనే రాసి పంపాను. నీ కూతురికి ఫిట్స్ రాశాను, ఇంకెవరి కొడుక్కో ఫిట్స్ రాశాను. కేసుల్లేని ఊరికి మందెందుకని వాళ్లు ఆపేశారు. పరువు కాపాడుతున్నాననుకుని పిల్ల ప్రాణం మీదికి తెచ్చాను."

ఆవిడ తిడుతుందనుకున్నాను. కొట్టినా అడ్డు వెళ్లకూడదనుకున్నాను. ఆవిడ గోళ్లకి ఎండిన జిగురు గీరుకుంటూ నిలబడింది.

"రాయమన్నది నేనే కదన్నయ్యా," అంది చివరికి. వార్డు వైపు వెళ్లిపోయింది.

ఆయన మళ్లీ గదిలోకి వెళ్లి ఆఫీసరమ్మకి ఫోను చేశాడు. తలుపు వేసుకోలేదు, నన్ను వెళ్లమనలేదు. మొదట్నుంచీ అంతా చెప్పాడు. నీళ్లలో ఏమీ లేదు మేడమ్, అది నా రాతలోనే ఉంది అన్నాడు. అవతల ఆవిడ ట్యాంకులెక్కినందుకైనా నాలుగు తిట్టాల్సింది, తిట్టలేదు. ఎందుకలా చేశారని మాత్రం అడిగినట్టుంది.

"పేర్లు మేడమ్. అంతమంది ఇళ్ల పేర్లు మీ ఆఫీసులో పడతాయని."

ఆ తర్వాత అవతలి నుంచి ఏదో వినబడింది.

"పేర్లు రావా?" అన్నాడు. మళ్లీ, "అసలే రావా?"

పైకి పోయేది కింది గడి ఒక్కటే. కోడు, వయసు, ఆడా మగా, అంతే. పేరు మా కంప్యూటరు దాటి ఎప్పుడూ బయటికి పోలేదు. పైకి పోయే లెక్క ఎవరి పరువూ తీసేది కాదు, తీయలేదు కూడా. కార్డు సంగతా, డాక్టరుతో ఒక్క మాట అనుకుంటే కార్డు మీద ఏ మాట పడాలో, దాన్ని ఎవరికి చూపించాలో రోగి ఇష్టానికే వదిలెయ్యొచ్చు. కింది గడిలో నిజం వేస్తే చాలు. ఇంతకాలం ఈ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయన ఎవర్నీ అడగలేదు. మెల్లగా మాట్లాడే మనిషికి గట్టిగా అడగడం ఎలా వస్తుంది?

ఆయన ఫోను పెట్టేసి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నాకు చిరాకంతా ఎటుపోయిందో, ఏడుపొచ్చింది. ఆయన మీద జాలితో మాత్రమే కాదు. ఆ రెండు గడులూ నేనూ రోజూ చూసినవే.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. సూపరింటెండెంటు సంజాయిషీ అడిగాడు, జీతం పెరగాల్సింది ఆపేశారు. ఆయన దేనికీ ఎదురు చెప్పలేదు. సెలవు రోజుల్లో కూడా వచ్చి, డాక్టర్ల పాత చీటీలు పక్కన పెట్టుకుని కోడులన్నీ సరిచేశాడు. మ్యాపులో మా ఊరు పచ్చ నుంచి ఒక్క దెబ్బకి ఎర్రబడింది. ఊరి పెద్దమనుషులు నలుగురొచ్చి ఊరి పరువు బజారున పడేశావయ్యా అని అద్దం ముందు రంకెలేశారు. ఆయన తలొంచుకుని, ఔనండీ అన్నాడు. వాళ్లు వెళ్లాక నేను వెళ్లి చేతికి రాసుకోమని నొప్పి మందు ఇచ్చాను. అక్కర్లేదు సిస్టర్, ఎప్పుడో తగ్గిపోయింది అని, నమ్మకం కోసం వేళ్లు ఆడించి చూపించాడు. ఇకమీదట నన్ను పరువుగారని పిలవొద్దని చెప్పండి అని కూడా అడిగాడు. చెప్పాను. ఎవరూ మానలేదు, అలవాటైపోయింది. ఆ పిలుపు వినబడ్డప్పుడల్లా ఎవరో నెత్తిన మొట్టినట్టు తలొంచేసేవాడు.

విరుగుడు డబ్బాలు వచ్చాయి. వాటితో పాటు, మత్తు మాన్పించే డాక్టరు వారానికోసారి మా ఆస్పత్రికి వచ్చే ఏర్పాటు కూడా అయింది. ఎర్ర ఊరికి అవన్నీ ఉంటాయట. డాక్టరు వచ్చిన మొదటి రోజు జనం వచ్చారు గానీ అద్దం దగ్గరికి ఎవరూ రాలేదు. స్తంభాల వెనక, సైకిల్ స్టాండు దగ్గర, ఎవరికి వాళ్లు ఇంకొకర్ని చూడ్డానికి వచ్చినట్టు నిలబడ్డారు. ఈయన లోపల తల దించుకుని కూర్చున్నాడు. పిలిస్తే ఏమనుకుంటారో, పిలవకపోతే వెళ్లిపోతారేమో.

అప్పుడు అట్టలు కట్టే ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని గేటులోంచి వచ్చింది. నేరుగా అద్దం దగ్గరికి నడిచింది. ఈసారి వంగలేదు. నిటారుగా నిలబడి, సైకిల్ స్టాండు దాకా వినబడేట్టు అంది:

"అన్నయ్యా, మా అమ్మాయికి. నొప్పి బిళ్లలు అలవాటైపోయాయి, మానాలి. రాసుకో."

ఆయన కొట్టాడు. కీబోర్డు చప్పుడు నాకు ఇవతలికి వినబడింది. ఆవిడ వెనక మెల్లగా ఒకాయన వచ్చి నిలబడ్డాడు, ఆయన వెనక ఇంకొకావిడ.

ఆయన చీటీ కన్నంలోంచి తోశాడు, తలెత్తకుండానే. పిల్ల దాన్ని అందుకుని కదల్లేదు. చిక్కి సగమైంది. వంగి కన్నం దగ్గర ముఖం పెట్టింది.

"మామయ్యా, అమ్మ చెప్పింది, ఆరోజు మందు వచ్చేదాకా నువ్వే నొక్కావట. చేతుల నొప్పి తగ్గిందా?"

ఆయన రెండు చేతులూ బల్ల కిందికి లాక్కున్నాడు.

"తగ్గలేదమ్మా," అన్నాడు.